కోపం రాని మనిషికి బీపీ

2022 ఎండాకాలం. తమిళనాడు అంచున, కర్ణాటకను ఆనుకున్న హోసూరులో, మూకండపల్లి పక్కనున్న ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఒక కార్ఖానాకి నర్సుగా వచ్చి అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. బండ్లకు వాడే ఇనుప భాగాలను కాల్చి, సుత్తెలతో సాగగొట్టి తయారుచేసే చోటు అది. గేటు దాటగానే ఎడమపక్క రెండు గదులు మావి. బోర్డు మీద ఓహెచ్‌సీ అని రాసి ఉంటుంది, అంటే పనివాళ్ల ఆరోగ్యం చూసే కేంద్రం. నిజానికి అక్కడ ఉండేది రెండు మంచాలు, ఒక ఆక్సిజన్ సిలిండరు, ఒక ఈసీజీ మిషను, నేను. డాక్టరుగారు వారానికి రెండు రోజులు వస్తారు. తక్కిన రోజుల్లో తెగిన వేళ్లు, కంట్లో పడ్డ ఇనుప రజను, సెలవు కోసం పుట్టుకొచ్చే కడుపునొప్పులు అన్నీ నా నెత్తినే.

నా స్వభావం ముందే చెప్పేస్తాను, ఎందుకంటే జరిగినదాంట్లో దానికీ వాటా ఉంది. నేను ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాను. వరస పెరిగితే, ఎవరైనా చెప్పిన మాటే మళ్లీ అడిగితే, నాకు చిరాకు ఎక్కడినుంచో తన్నుకొస్తుంది. "నాకు బీపీ తెప్పించొద్దు" అనడం నా ఊతపదం. నర్సు అయ్యుండి ఆ మాట రోజుకు పదిసార్లు అనేదాన్ని. అంతమాత్రాన ఏమవుతుందిలే అనుకునేదాన్ని.

ఏడాదికోసారి పనివాళ్లందరికీ పరీక్షలు చేస్తాం. క్రేన్ ఆపరేటర్లకు ఇంకాస్త గట్టిగా చేస్తాం. షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచే పెద్ద క్రేనును ఈఓటీ క్రేన్ అంటారు. పైన చిన్న క్యాబిన్‌లో ఒక్క మనిషి కూర్చుని, టన్నుల బరువును కిందివాళ్ల తలల మీదుగా తీసుకుపోతుంటాడు. అతనికి అక్కడ కళ్లు తిరిగినా, చెయ్యి పడిపోయినా, నష్టం అతనొక్కడితో ఆగదు. అందుకే వాళ్ల ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద డాక్టరుగారితో పాటు నా సంతకం కూడా ఉండాలి.

ఆ రోజు వరసలో వచ్చాడు నంజుండప్ప. నలభై నాలుగేళ్లు, సొంతవూరు గురుబరపల్లి దగ్గర, కాపురం మూకండపల్లిలో. పదిహేడేళ్లుగా క్రేన్ మీదే ఉన్నాడు. షెడ్డులో అందరూ అతన్ని నిండుకుండ అనేవాళ్లు. సూపర్‌వైజర్ తిట్టినా, పక్కవాడు తప్పు చేసి తన మీదకు నెట్టినా, చిన్నగా నవ్వి మెట్లెక్కిపోయేవాడు. అలాంటి మనిషి చేతికి పట్టీ చుట్టి చూస్తే 178 బై 110. పై సంఖ్య గుండె ముడుచుకున్నప్పుడు రక్తనాళాల మీద పడే ఒత్తిడి, కింది సంఖ్య గుండె విశ్రాంతి తీసుకునేటప్పుడు ఉండేది. ఏ లెక్కన చూసినా అది చాలా ఎక్కువ.

నిజం చెప్పాలంటే నేను కూడా ముందు మిషనునే అనుమానించాను. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు ఆనించి, కాళ్లు నేలకు తాకించి రెండోసారి చూశాను. 174 బై 108. రెండో చేతికి చుట్టాను. అదే వరస.

"ఇంకోతూరి చూడమ్మా. మిషనుకే ఏమో అయ్యుండాది" అన్నాడు.

"మిషనుకేమీ కాలేదప్పా. మాట్లాడొద్దు, మాట్లాడితే ఇంకా ఎక్కుతాది."

"నాకు కోపమే రాదు కదమ్మా. ఈడ ఎవుర్నన్నా అడుగు."

"బయట నలభై మంది నిలబడుండారు నంజుండప్పా. నాకు బీపీ తెప్పించొద్దు. సుమ్మనే కూచో." సుమ్మనే అంటే మా వైపు ఊరికే అని.

అతను నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, "సరేమ్మా" అన్నాడు. ఆ చూపులో ఏదో అర్థమైనట్టు కనిపించింది. నా మాటకు భయపడ్డాడనుకుని నేను ఫారం తీశాను.

ఆ ఫారంలో రిస్క్ ఫ్యాక్టర్లు అని ఒక పేజీ ఉంటుంది. రక్తపోటుకు దారితీసే సంగతులన్నమాట. ఇంట్లో ఎవరికైనా ఉందా, ఉప్పు ఎంత తింటావు, పొగాకు, మందు, నిద్ర, బరువు, వాడే మందులు. నేను గబగబా చదువుతుంటే అతను ప్రతిదానికీ "లేదమ్మా" అంటూ పోయాడు. ఉప్పా? "అందరిమాదిరే." నిద్రా? "బాగుండాది." నొప్పిమాత్రలేమైనా? "లేదమ్మా." పేజీ నిండా అడ్డగీతలు గీశాను. ఒత్తిడి, కోపం అన్న గడిలో నేనే, అడగకుండానే, 'శాంత స్వభావం' అని రాశాను. ఆ రెండు మాటలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, నా మీద నాకే.

డాక్టరుగారిది సేలం వైపు. తెలుగు రాదు. ఆయన నంజుండప్ప భుజం మీద చెయ్యి వేసి, "రత్తక్కొదిప్పు" అని మొదలుపెట్టి నాలుగు జాగ్రత్తలు చెప్పారు. తమిళంలో రక్తపోటుకు వాడుక మాట అదే. కొదిప్పు అంటే మరగడం, ఉడకడం. ఈ ప్రాంతంలో మాకందరికీ తమిళం వచ్చు గనుక నేను మళ్లీ తెలుగులో చెప్పలేదు. రోజూ పొద్దున ఒక మాత్ర, నెల తర్వాత పరీక్ష. అప్పటిదాకా క్రేన్ ఎక్కకూడదు, కింద గొలుసులు తగిలించే పని చేయాలి.

నంజుండప్ప ఆ మాటకు మాత్రం కదిలాడు. "ఎన్ని దినాలమ్మా?" అని అడిగాడు. తగ్గేదాకా అన్నాను. తల ఊపి వెళ్లాడు. తర్వాత షెడ్డు వైపు వెళ్లినప్పుడల్లా చూసేదాన్ని. కొక్కేనికి గొలుసు తగిలించి చెయ్యి ఊపుతాడు, బరువు లేచిపోతుంది, అతను మెడ వెనక్కి విరిచి ఆ క్యాబిన్‌నే చూస్తూ నిలబడతాడు. పదిహేడేళ్లు పై నుంచి కిందికి చూసిన మనిషి.

నెల తర్వాత 176 బై 108.

"మాత్ర తప్పకుండా పోతా ఉండాదా?"

"దినామూ పోతా ఉండాదమ్మా. ఒక్క పొద్దు కూడా తప్పలే" అని జేబులోంచి ఖాళీ అట్టలు తీసి బల్ల మీద పెట్టాడు. లెక్కకు సరిగ్గా ఉన్నాయి. డాక్టరుగారు రెండో రకం మాత్ర కూడా కలిపారు. పదిహేను రోజులకు చూస్తే 180 బై 110. మొదటి రోజుకంటే రెండు ఎక్కువే.

ఆ రోజుల్లో నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. రెండు మందులకూ లొంగని రక్తపోటు అంటే మూత్రపిండాల జబ్బు కావచ్చు, గ్రంథుల జబ్బు కావచ్చు, ఇంకా పరీక్షలు చేయించాలి. ఈసీజీ తీశాం. గుండె ఎడమ గది గోడ మందమవుతున్న గుర్తులు కనిపించాయి. అంటే ఇది నిన్నా మొన్నటిది కాదు, ఆ గుండె ఎన్నో ఏళ్లుగా ఎదురు ఒత్తిడికి నెట్టుకొస్తోంది. మరోపక్క సూపర్‌వైజర్ రోజూ వచ్చేవాడు. ఒక ఆపరేటర్ పని మానేశాడు, ఇంకొకడు పెళ్లికి సెలవు పెట్టాడు. "ఆయనంత నిదానమైన మనిషి యాడ దొరుకుతాడు సిస్టర్? సుమ్మనే ఒక సంతకం పెట్టు. పదిహేడేండ్లలో ఒక్క బరువు జారిందా?" అనేవాడు. నంజుండప్ప కూడా తలుపు దగ్గర నిలబడి ఏమీ అడగకుండా అడిగేవాడు. ఒక మధ్యాహ్నం విసిగిపోయి కలం చేతిలోకి తీసుకున్నాను కూడా. ఎందుకో డాక్టరుగారు వచ్చాక చూద్దామని మళ్లీ కింద పెట్టాను. ధైర్యంతో కాదు, పిరికితనంతో.

తర్వాతి సోమవారం, పొద్దున పదకొండు గంటలప్పుడు, గేటు దగ్గర ఆటో ఆగింది. పక్క వీధిలో నీళ్ల కుళాయి దగ్గర ఒకావిడ కళ్లు తిరిగి పడిపోయిందని, దగ్గరలో నర్సు ఉండేది ఇక్కడే అని ఇరుగుపొరుగు ఆడవాళ్లు తీసుకొచ్చారు. మోచెయ్యి గీరుకుపోయింది, ఒళ్లంతా చల్లటి చెమట. మంచం మీద పడుకోబెట్టి కాళ్లు ఎత్తు చేసి బీపీ చూస్తే 84 బై 50. చక్కెర చూశాను, బాగానే ఉంది. "పేరేంటమ్మా?" అంటే "రత్న" అనగలిగింది. వెంట వచ్చిన ఆడమనిషి అందుకుంది. "క్రేను నంజుండప్ప పెండ్లాం సిస్టర్. ఈమెకి బీపీ ఉండాది, మాత్రలు తింటాది."

ఎనభై నాలుగు ఉన్న మనిషికి బీపీ మాత్రలా? షెడ్డుకు కబురు పంపి, ఆమెకు గుక్కగుక్కగా ఓఆర్ఎస్ తాగించాను. పావుగంటకు పై సంఖ్య తొంభై దాటింది. అప్పుడు అడిగాను.

"ఏం మాత్రలమ్మా? ఎవరిచ్చినారు?"

"మీ ఫ్యాక్టరీ డాక్టరే కదా ఇచ్చినాడు. దినామూ పొద్దున కాఫీతో పాటు ఈయప్పే చేతిలో పెడతాడు. పదహైదు ఇరవై దినాల్నించి రెండు."

అప్పటికే నంజుండప్ప గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తేలు కుట్టిన దొంగలా చూపు నేల మీద పెట్టాడు. నేను అతనివైపు తిరిగాను. గొంతు పెంచకూడదని ఎంత అనుకున్నా పెరిగింది. "నీ మాత్రలు ఈమెకేంటికి ఇచ్చినావప్పా?"

అతను చెప్పింది నేను జన్మలో మరచిపోను. చాలా మామూలుగా చెప్పాడు, అందరికీ తెలిసిన సంగతి నాకు తెలియనట్టు.

"నాకు కోపం రాదు కదమ్మా. ఇంట్లో కొదిప్పు ఉండేది ఈమెకే. డాక్టరు కొదిప్పు అనినాడు. నువ్వు కూడా ఆ పొద్దు నాకు బీపీ తెప్పించొద్దు అనింటివి. అప్పుడు తెలిసింది నాకు. ఒకురి వల్ల ఇంకొకురికి వస్తాది కదా. ఈమె అరిస్తే నాకెక్కుతాది. ఈమెకి తగ్గితే నాకూ తగ్గుతాది అనుకున్నాను."

"ఆ తిక్కకి నెలన్నర నుంచీ..."

"మందు బాగా పని చేస్తా ఉండె కదమ్మా! మాత్ర మొదులు పెట్టినప్పట్నించి ఈమె అరిచేది నిలిపేసింది. రెండోది ఇచ్చినాక నోరే ఎత్తలే. మూల కూచునేది."

ఒంట్లో రక్తపోటు పడిపోయి, నిలబడితే కళ్లు చీకట్లు కమ్మి, గొంతెత్తే ఓపిక లేక ఆ మనిషి మూల కూర్చుంటే, అది మందు గుణమని ఈయన సంతోషపడ్డాడు. వీధి మొత్తం సంతోషపడిందట. అంతకంటే నన్ను కుదిపేసింది, ఆ ఆలోచనకు మొదటి ముడి నా నోటినుంచే పడిందన్న సంగతి. సిగ్గేసింది. కుళాయి గట్టు రాయికి తల తగిలి ఉంటే ఏమయ్యేదని భయం కూడా వేసింది.

రత్నమ్మ మెల్లగా లేచి కూర్చుంది. పడుకోమంటే వినలేదు. భర్తనే చూస్తోంది.

"అయితే నాకు బీపీ లేదా?"

"లేదమ్మా" అన్నాను.

"నాకు జబ్బు అని నువ్వు చెప్తే నమ్మినాను కదప్పా. పెండ్లయినాక నువ్వుగా నా చేతిలో పెట్టింది ఆ మాత్రే. ఈయప్పకి నా మింద ఇంత అక్కర ఉండాదే అనుకొని, చేదు మింగినట్ల కండ్లు మూసుకొని మింగినాను." ఒక గుక్క నీళ్లు తాగింది. ఆ తర్వాత గొంతు లేచింది. "సిస్టరమ్మా, రాసుకో. ఈయప్ప చెప్పడు, నేను చెప్తాను."

నేను నిజంగానే ఫారం తీశాను. అడ్డగీతలు గీసిన అదే ఫారం.

"వాళ్ల నాయన యాభై ఏండ్లకే పొద్దున మొగం కడుగుతా ఉంటే పడిపోయినాడు, చెయ్యీ కాలూ రాలే. ఆర్నెల్లకి పోయినాడు. వాళ్లన్నకి కూడా బీపీ. ఉప్పు అడిగినావా? చెమట పోతాది, ఉప్పు తినాల అని మజ్జిగలో పిడికెడు కలుపుకుంటాడు, ముద్దలోకి ఊరగాయ ఉండే తీరాల, దాని మింద మళ్ల ఉప్పు. పైన నిద్ర వస్తాదని దవడలో పొగాకు పెట్టుకోనే క్రేనెక్కుతాడు. నడుమునొప్పికి మెడికల్ షాపులో మాత్రలు కొనేది, దినామూ రెండు, నాలుగేండ్ల నుంచి. షిఫ్టు మారినప్పుడల్లా మూడు గంటలు నిద్ర. ఆ నిద్రలో గురక, మధ్యలో ఊపిరి నిలిచిపోతాది. నేను తట్టి లేపుతాను. దీనికే నేను అరిచేది సిస్టరమ్మా! ఆ ఉప్పు డబ్బా ఎత్తి దాచిపెట్టినానని, మాత్రలు పారేసినానని మా ఇంట్లో కొట్లాట. వీధిలో అందరూ నాకు చెప్పేది 'నోరు మంచిదైతే ఊరు మంచిది' అని!"

నేను తొమ్మిదేళ్లలో నింపిన ఫారాల్లో అంత పూర్తిగా నిండింది అదొక్కటే. ముఖ్యంగా ఆ నొప్పిమాత్రలు. రోజూ వాడితే అవి ఒంట్లో ఉప్పునూ నీటినీ బయటకు పోనివ్వవు, పోటు పెంచుతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. "నొప్పిమాత్రలు లేవన్నావే?" అని నంజుండప్పను అడిగాను. "అది మందు కాదు కదమ్మా, అంగట్లో అందరూ కొనేదే" అన్నాడు. అబద్ధం ఆడలేదు పాపం. నేను అడిగిన తీరుకు అతనికి తెలిసిన జవాబు అది.

రత్నమ్మను ఆ రోజు ప్రభుత్వాసుపత్రికి పంపించి సాయంత్రం దాకా పరిశీలనలో ఉంచాం. రెండు రోజులకు తేరుకుంది. నంజుండప్పకు ఈసారి నేను తెలుగులో, అతని భాషలో, గంటసేపు చెప్పాను. రక్తం ఉడకదు, కోపంగా ఉన్నప్పుడు కాసేపు పోటెక్కి దిగిపోతుంది, కానీ నీది నువ్వు నవ్వుతున్నప్పుడు కూడా ఎక్కే ఉంది, అది నీకు తెలియదు, తెలిసే రోజున మీ నాయనకు తెలిసినట్టే తెలుస్తుంది అన్నాను. ఆ చివరి మాటకు అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. చేతులు తీశాక అతని కళ్లలో మొదటిసారి నీళ్లు చూశాను. కృష్ణగిరి పెద్దాసుపత్రిలో గురకకు, మూత్రపిండాలకు పరీక్షలు చేయించాం. మూత్రపిండాలు నిలబడ్డాయి. నొప్పిమాత్రలు ఆపించాం, నడుముకు వ్యాయామం నేర్పించాం. ఉప్పు డబ్బా రత్నమ్మ చేతికి వెళ్లింది. పొగాకుకు మాత్రం చాలా రోజులు పట్టింది, మధ్యలో రెండుసార్లు దొంగతనంగా మొదలుపెట్టాడు, రెండుసార్లూ ఆమే పట్టించింది. తన మాత్ర తను వేసుకున్న మూడు నెలలకు 136 బై 84 వచ్చింది. మరో నెల చూసి, డాక్టరుగారూ నేనూ సంతకాలు పెట్టాం. అతను మెట్లెక్కుతుంటే నేను ఓహెచ్‌సీ గుమ్మంలో నిలబడి చూశాను. ఇప్పటికీ ఆ క్రేన్ సైరన్ మోగితే ఒకసారి తల పైకెత్తుతాను.

ఆ తర్వాత నేను రెండు మార్చుకున్నాను. నా ఊతపదం మానేశాను, అంటే మానేయడానికి ఇంకా ప్రయత్నిస్తూనే ఉన్నాను. రెండోది, రక్తపోటు ఉన్న మనిషి ఎవరైనా సరే, ఫారం నింపేముందు ఇంట్లో అతనితో కలిసి తినేవాళ్లను, పడుకునేవాళ్లను పిలిపిస్తాను. మాత్ర ఎవరి నోట్లోకి పోతోందో కూడా అడుగుతాను. కొత్తగా చేరిన నర్సులు ఆ ప్రశ్నకు నవ్వుతారు.

సర్టిఫికెట్ ఇచ్చిన వారంలోనే రత్నమ్మ ఒక్కతే వచ్చింది. బీపీ చూడమంది. 116 బై 74. మళ్లీ చూడమంది, మళ్లీ అంతే. "దీన్ని కాగితం మింద రాసియ్యి సిస్టరమ్మా. సీలెయ్యి" అంది. దేనికమ్మా అంటే, "పదహైదేండ్ల నుంచి వీధిలో నన్ను బీపీ రత్నమ్మ అంటా ఉండారు" అంది.

అలాంటి సర్టిఫికెట్‌కు మా దగ్గర ఫారం లేదు. తెల్లకాగితం తీసుకుని, రత్నమ్మ, వయసు ముప్పై తొమ్మిది, రక్తపోటు 116/74, ఈమెకు బీపీ లేదు అని తెలుగులో రాశాను. వీధిలో అన్ని భాషలవాళ్లూ ఉన్నారు కాబట్టి తమిళంలోనూ రాయమంది, కన్నడంలోనూ రాయమంది. రాసి సీలు తీయబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"ఇంకొక్క మాట రాయమ్మా. ఈమె అరిచేది సుమ్మనే కాదు అని."

నర్సు రాయాల్సిన మాట కాదు అది. మూడు భాషల్లోనూ రాసి, కింద సంతకం పెట్టి సీలు వేశాను.